కలిపి కొట్టమన్నది నేనే

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాను. పద్దెనిమిదేళ్ళుగా కోడు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. కాబట్టి ఈ టపా చదివి ఎవరూ మందులు మొదలుపెట్టొద్దు, మానేయొద్దు. చదివాక మీ డాక్టర్ని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు, నా పని అయినట్టే.

పోయిన నెల నారాయణపేటలో ఒక పెండ్లికి వెళ్ళాను. భోజనాల దగ్గర దూరపు చుట్టం ఒకాయన పక్కన కూర్చుని వాళ్ళ వదిన సంగతి చెప్పాడు. రొమ్ములో గడ్డ అట. ఆపరేషన్‌కి ముందు మందులు నడుస్తున్నాయట. "మామూలు దవాఖాన గాదు తమ్మీ. కీమో, హార్మోను గోలీలు రెండూ ఒక్కసారే ఇస్తున్నరు. డబల్ ట్రీట్‌మెంటు. పైసలు పోతె పోనీ అన్నం" అన్నాడు. ఆ 'డబల్' అన్నప్పుడు ఆయన మొహంలో ఎంత ధీమానో!

నేను నోరు మూసుకుని పప్పుచారు కలుపుకున్నాను. పెండ్లిలో వాదన ఎందుకులే అని కాదు. సరిగ్గా అదే మాట, అంతే ధీమాగా, 2022లో మా చిన్నత్త విషయంలో అన్నది నేనే కాబట్టి. అక్కడ మింగిన మాటలు ఇక్కడ కక్కుతున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

అత్తకి అప్పటికి అరవై రెండేళ్ళు. వాళ్ళది మగ్గం ఇల్లు. నారాయణపేట చీర నేసేది ఒక్కరైనా దాని వెనక ఇంటిల్లిపాది పని ఉంటుంది. అత్త ముప్పై ఏళ్ళు కండెలు చుట్టింది. కుడి రొమ్ములో గడ్డ ఉందని తెలిసి ఎనిమిది నెలలైనా ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు అని అరిస్తే, "నొప్పి లేకుండె బిడ్డా. నొప్పే లేనిదానికి దవాఖానకు ఏం పోతరని ఊకున్న" అంది. ఇలా 'ఊకున్న' ఆడవాళ్ళు మన పాలమూరులో ఎంతమందో! నొప్పి లేకపోవడమే ఈ జబ్బు పన్నే పెద్ద కుట్ర.

హైదరాబాదులో ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ సూదితో ముక్క తీయించి పరీక్షకి పంపింది. రిపోర్టు రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ మేం ఆమెని తిట్టని తిట్టు లేదు. రిపోర్టు వచ్చాక చూసి, "ఈఆర్ గట్టిగా పాజిటివ్, హర్-టూ నెగటివ్. వయసు కూడా ముట్లుడిగిన వయసే. లెట్రోజోల్ గోలీ రోజుకొకటి వేద్దాం, నెలనెలా రండి, గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్ చేద్దాం" అంది.

గోలీ! క్యాన్సర్‌కి గోలీ! అదీ రోజుకొక్కటి!

మా బావకి కోపం నషాళానికి అంటింది. "బీదోళ్ళమని గోలీ రాసిచ్చి పంపుతున్నరు" అన్నాడు. నాకూ అదే అనుమానం. నేను ఇంకో అడుగు ముందుకేశాను. ల్యాప్‌టాప్ తెరిచి, కీమో, హార్మోను మందు కలిపి ఇస్తే గడ్డ ఎక్కువ తగ్గిందన్న ఒక పరిశోధన సారాంశం పట్టుకున్నాను. సారాంశమే, మొత్తం చదవలేదు. రెండు పనులు ఒకేసారి నడిపితే సమయం కలిసొస్తుందని జీతం తీసుకుంటూ నమ్మేవాణ్ణి కదా, నాకది అద్భుతంగా తోచింది. అత్తని ఒక ప్రైవేటు ఆసుపత్రికి మార్చాం. పేరు చెప్పను, ఇక్కడ పేరుతో పని లేదు. అక్కడ కీమోతోపాటే టామోక్సిఫెన్ కూడా మొదలుపెడదాం, "రెండు వైపుల నుంచీ కొడదాం" అన్నారు. నా మనసులో మాట ఆయన నోట వచ్చింది. ఇంకేం, తలూపాను.

మూడో కీమో అయ్యాక అత్త ఎడమ కాలు వాచింది. పిక్క గట్టిపడింది. లోపలి సిరలో రక్తం గడ్డకట్టింది. పదకొండు రోజులు మంచం మీద, పొట్టకి రోజూ సూదులు. కీమో ఆగింది, టామోక్సిఫెన్ ఆగింది, ఆపరేషన్ మూడు నెలలు వెనక్కి జరిగింది. ఆ మూడు నెలలూ గడ్డ లోపల ఏం చేస్తోందో అని నేను పడుకోని రాత్రులు ఎన్నో లెక్కలేదు.

కలపడం వల్లే అలా అయిందని నేను నిరూపించలేను. క్యాన్సర్ ఉన్నవాళ్ళకి సిరల్లో రక్తం గడ్డకట్టడం మామూలుగానే ఎక్కువ. కానీ అప్పుడు తీరిగ్గా కూర్చుని చదివితే, 1996లోనే అచ్చయిన ఒక కెనడా పరిశోధన కనిపించింది. ముట్లుడిగిన ఆడవాళ్ళని రెండు గుంపులు చేశారు. టామోక్సిఫెన్ ఒక్కటే వేసుకున్న 352 మందిలో 9 మందికి రక్తం గడ్డకట్టింది. టామోక్సిఫెన్‌తో కీమో కలిపిన 353 మందిలో 48 మందికి! వందకి రెండున్నర ఎక్కడ, పదమూడున్నర ఎక్కడ. నేను ఇంజనీరింగులో చేరకముందే అచ్చయిన అంకెలవి. నేను చదివింది మాత్రం ఒక్క సారాంశం.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కలిపితే తప్పేంటి?

కలపడం అనే ఆలోచన తెలివితక్కువది కాదు. కీమో చరిత్రంతా కలపడం చరిత్రే. అందులో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1947-48లో లుకేమియా పిల్లలకి మొదటిసారి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గేలా చేశాడు. దాని తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌ని ఇంకో రెండు మందులతో కలిపి, ఇటలీలో బొనడొన్నా రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్ళకి ఇచ్చి 1976లో ఫలితాలు ప్రకటించాడు. మూడు మందులు కలిపారు, ఫలించింది. అక్కడినుంచి 'కలిపితే బలం' అన్నది డాక్టర్లకీ జనానికీ ఒంటబట్టింది.

అయితే ఆ మూడు మందులదీ ఒకటే గురి. విభజన చెందుతున్న కణాల మీద దెబ్బ తీయడం. కణం రెండుగా చీలడానికి సిద్ధమైనప్పుడే వాటికి దొరుకుతుంది. హార్మోను మందు దారి వేరు. ఈస్ట్రోజన్ తిని పెరిగే కణానికి ఆ తిండి అందకుండా చేస్తుంది. తిండి లేని కణం విభజన మానేసి ముడుచుకు కూర్చుంటుంది. కణాల మీద పరీక్షశాలలో చేసిన పనిలో టామోక్సిఫెన్ చేసేది ప్రధానంగా ఇదేనని తేలింది.

మా వాళ్ళకి అర్థమయ్యేలా చెప్తాను. ప్రోగ్రాం నడుస్తుంటేనే దాంట్లో బగ్గుని పట్టుకోగలం. ఒకడు డీబగ్గర్ పెట్టుకుని బగ్గు కోసం కాచుకుని కూర్చున్నాడు. ఇంకొకడు వచ్చి సాయం చేస్తానని ప్రోగ్రాంనే నిద్రపుచ్చాడు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ పనిమంతులే. ఒకేసారి కూర్చోబెడితే ఒకడు రెండోవాడి పని చెడగొడతాడు. మా అత్తకి ఈ సంగతి చెప్తే ఒక్క ముక్కలో తేల్చింది: "పడుగు పోసినంకనే గద పేక. రెండూ ఒక్కపారి ఏస్తే సిక్కు పడ్తది." పద్దెనిమిదేళ్ళ నా అనుభవం ఆ సిక్కు దగ్గర ఆగిపోయింది :)

ఇది ఊహే కదా అనొచ్చు. నిజమే, ఊహల్ని మనుషుల మీద పరీక్షించి చూడాలి. చూశారు. 1989లో అమెరికాలో మొదలైన స్వాగ్ 8814 అనే ప్రయోగంలో ఆపరేషన్ అయిన, ముట్లుడిగిన, హార్మోను పాజిటివ్ ఉన్న దాదాపు 1,500 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి టామోక్సిఫెన్ ఒక్కటే, ఒక గుంపుకి కీమో, టామోక్సిఫెన్ కలిపి, ఒక గుంపుకి కీమో అయిపోయాక టామోక్సిఫెన్. ఫలితాలు 2009 చివర్లో లాన్సెట్‌లో వచ్చాయి. కీమో చేరితే లాభం ఉంది. కానీ కలిపి ఇచ్చినవాళ్ళకన్నా ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చినవాళ్ళే మెరుగ్గా కనిపించారు. ఆ తేడా గణితపు గీతని కొద్దిలో దాటలేదు, అది దాచను. దాటకపోయినా, రెట్టింపు బలం వస్తుందన్న ఆశకి మాత్రం అక్కడ దాఖలా లేదు. అప్పటినుంచి కీమో ముగిశాకే టామోక్సిఫెన్ అన్నది మామూలు పద్ధతి అయింది.

అంతకుముందు పెద్ద పెద్ద డాక్టర్లు కూడా కలిపే ఇచ్చారు. 1995లో అమెరికాలో మొదలైన బీ-27 ప్రయోగంలో, ఆపరేషన్‌కి ముందు కీమోతోపాటే టామోక్సిఫెన్ ఇచ్చారు. అప్పటికి తెలిసింది అంతే. తెలియనప్పుడు చేసినదాన్ని నేను తప్పుపట్టను. తెలిశాక చేస్తే మాత్రం అడుగుతాను.

అది ఆపరేషన్ తర్వాతి లెక్క, ముందు కలిపితే వేరేమో అంటారా? నేనూ అదే పట్టుకుని వేలాడాను. ఆపరేషన్‌కి ముందు కలిపి చూసిన ప్రయోగాలున్నాయి. జర్మనీలో 250 మంది మీద కీమోకి టామోక్సిఫెన్ కలిపి చూసి 2001లో ప్రకటించారు. గడ్డ పూర్తిగా కరిగిపోవడంలో లాభం ఏమీ కనిపించలేదు. ఇరాన్‌లో 2012లో కీమోకి లెట్రోజోల్ కలిపితే గడ్డ పూర్తిగా మాయమైనవాళ్ళు వందకి పది నుంచి ఇరవై అయిదుకి పెరిగారు. నేను 2022లో చంకలో పెట్టుకుని తిరిగిన సారాంశం ఇదే. చైనాలో 2019లో దాదాపు 250 మంది మీద చేసినదాంట్లోనూ కలిపినవాళ్ళకి గడ్డ తగ్గడం ఎక్కువే, 72.6 శాతం నుంచి 84.6కి.

చూశారా, కలపొచ్చు అనేవాళ్ళ దగ్గర కూడా సరుకుంది. లేదని నేను అనను. అయితే మూడు మాటలు. ఒకటి, ఇరాన్ ప్రయోగంలో ఉన్నది నూటొక్కమంది. రెండు, ఆ రెంటిలోనూ వాడింది లెట్రోజోల్, మా అత్తకి కలిపింది టామోక్సిఫెన్. రెండూ హార్మోను మందులే కదా అని ఒకటి చూపించి ఇంకోటి అమ్మడం ఏం న్యాయం? మూడోది అన్నిటికన్నా పెద్దది. గడ్డ తగ్గడం వేరు, మనిషి బతకడం వేరు. 2014లో లాన్సెట్‌లో పన్నెండు ప్రయోగాలు కలిపి చూసిన లెక్కలో, హార్మోను పాజిటివ్ రకంలో, ముఖ్యంగా నెమ్మదిగా పెరిగేవాటిలో, ఆపరేషన్ నాటికి గడ్డ మాయమవడానికీ మనిషి ఎక్కువకాలం బతకడానికీ ఉన్న సంబంధం బలహీనమేనని తేలింది. మనం స్కానింగులో సెంటీమీటర్లు చూసుకుని చంకలు గుద్దుకుంటాం. జబ్బు లెక్క వేరే చోట రాసుకుంటుంది.

ప్రయోగంగా, రోగికి చెప్పి, సంతకం తీసుకుని, లెక్కలు రాసి చేస్తే ఎవరూ కాదనరు. బొంబాయి టాటా ఆసుపత్రిలో రాజేంద్ర బడ్వే బృందం ఆపరేషన్‌కి కొద్దిరోజుల ముందు ఒకే ఒక్క ప్రొజెస్టిరాన్ ఇంజక్షన్ ఇస్తే ఏమవుతుందో వెయ్యిమంది మీద పరీక్షించి 2011లో ప్రకటించింది. మొత్తం మీద తేడా తేలలేదు, చంకలో గ్రంథులకి పాకినవాళ్ళలో మాత్రం లాభం కనిపించింది అని ఉన్నదున్నట్టు రాశారు. అదీ పద్ధతి. మనూళ్ళో జరిగేది అది కాదే! ప్రయోగంలో ఇంకా తేలనిదాన్ని తేలిపోయినట్టు, పైగా 'డబల్' అని పేరుపెట్టి అమ్మడం.

ఇంతకీ మేం తిట్టుకున్న ఆ డాక్టరమ్మ సంగతి. ఆమె రాసిన ఆ ముష్టి గోలీ సంగతి.

ముట్లుడిగి, హార్మోను పాజిటివ్ ఉండి, గడ్డ పెద్దదైన 337 మందికి ఆపరేషన్‌కి ముందు నాలుగు నెలలు గోలీలే ఇచ్చి చూసిన ప్రయోగం 2001లో వచ్చింది. లెట్రోజోల్ వేసుకున్నవాళ్ళలో 55 శాతం మందికి గడ్డ బాగా తగ్గింది, టామోక్సిఫెన్‌తో 36 శాతానికి. రష్యాలో సెమిగ్లజోవ్ బృందం 2007లో ఇంకో అడుగు వేసింది. ఇలాంటివాళ్ళకే ఒక గుంపుకి లెట్రోజోల్ జాతి గోలీలు, ఇంకో గుంపుకి గట్టి కీమో ఇచ్చింది. గడ్డ తగ్గినవాళ్ళు రెండు గుంపుల్లోనూ 64 శాతమే! ఒక గుంపుకి జుట్టు ఊడింది, ఇంకో గుంపుకి ఊడలేదు. తేడా అంతే అనను గానీ, చాలావరకు అదే.

అంటే మా అత్త లాంటి మనిషికి అడగాల్సిన ప్రశ్న 'రెండూ కలుపుదామా' అని కాదు. 'ఈమెకి అసలు ఆపరేషన్‌కి ముందు కీమో కావాలా' అని. ఆ ప్రశ్నని ఆ డాక్టరమ్మ అడిగింది, జవాబు కూడా రిపోర్టులో వెతికింది. మేం ఆమె మీద కోపంతో జవాబు తెలిసిన చోటు నుంచి తెలియని చోటుకి, పైసలు కట్టి మరీ వెళ్ళాం. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు.

ఇక్కడ ఇంకో జాతివాళ్ళకి ఒక మాట. ఈ టపా పట్టుకుని "చూశారా, కీమో విషం, మేం చెప్పలే" అని బయల్దేరకండి. హార్మోను పాజిటివ్ కానివాళ్ళకి, హర్-టూ ఉన్నవాళ్ళకి, చిన్న వయసువాళ్ళకి, చంకలో బాగా పాకినవాళ్ళకి కీమో ప్రాణం నిలబెడుతుంది. ఈఆర్ లేని మనిషికి టామోక్సిఫెన్ ఇస్తే ఒరిగేది సున్నా. మీ ఆకుపసరుతో ఒరిగేది అంతకన్నా తక్కువ, నెలలు పోతాయి కాబట్టి. నా గొడవ కీమోతో కాదు. ఎవరికేది కావాలో చూడకుండా అన్నీ ఒకేసారి గుమ్మరించమనే బుద్ధితో.

ఆ బుద్ధి డాక్టర్లది మాత్రమే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. అది మనదీ. జ్వరమొస్తే గోలీ ఇచ్చిన డాక్టరు చేతకానివాడు, సూది పొడిచినవాడు మంచివాడు, గ్లూకోజు ఎక్కించినవాడు దేవుడు. ఈ లెక్క మన ఊళ్ళలో తాతలనాటిది. చదువుకున్న నేను ఆ లెక్కనే ఇంగ్లీషు పరిశోధనల పేరుతో తిరగరాశాను, అంతే తేడా. ఖర్చు పెడితేనే ప్రేమ ఉన్నట్టు. ఎక్కువ బాధ పెట్టే మందే ఎక్కువ పనిచేసే మందు అయినట్టు. మనిషి మంచాన పడితే, "చూడు, మందు ఎట్ల గుంజుతున్నదో" అని తృప్తి పడడం!

ఈ బుద్ధి ఆ మొదటి నెలల్లోనే కాదు, చివర్లో కూడా చంపుతుంది. ఎలాగంటారా? పెద్ద వైద్యం మీద మోజున్న ఇంటికి చిన్న గోలీ మీద గౌరవం ఉండదు. ఆపరేషన్ అయింది, కీమో అయింది, కరెంటు పెట్టడం అయింది, ఇంకా రోజూ ఈ గోలీ ఎందుకు అని ఆర్నెల్లకో ఏడాదికో మానేస్తారు. నిజానికి హార్మోను పాజిటివ్ జబ్బులో పెద్ద వైద్యం అదే. అయిదేళ్ళు టామోక్సిఫెన్ వేసుకున్నవాళ్ళలో, పదిహేనేళ్ళ మీద చూస్తే, రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు మూడోవంతు తగ్గాయని 2011లో ప్రపంచంలోని ప్రయోగాలన్నీ కలిపి లెక్కగట్టారు. ఒక్కో బిళ్ళ కొన్ని రూపాయలు. అమెరికాలోనే, ఉత్తర కాలిఫోర్నియాలో 8,769 మందిని గమనిస్తే, హార్మోను గోలీలు చెప్పిన కాలమంతా సరిగ్గా వేసుకున్నది 49 శాతమేనని 2010లో తేలింది. బీమా ఉండి, ఫోన్ చేస్తే మందు ఇంటికొచ్చే చోట ఆ గతి. ఇక మాగనూరు పక్క పల్లెలోనో, దామరగిద్ద అవతల కర్ణాటక సరిహద్దులోనో ఉండే మనిషి సంగతేంటి? వలసకి పూణే, బొంబాయి పోయే మనిషి సంచీలో ఆ గోలీ ఉంటుందా?

ప్రభుత్వానికి కూడా ఒక మాట. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితి అయిదు లక్షల నుంచి పది లక్షలైంది. సంతోషం. దానివల్ల బతికినవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. కానీ దాని చూపంతా ఆసుపత్రి గేటు లోపల జరిగేదాని మీదే. గేటుకి ముందు ఉండాల్సిన రిపోర్టు, గేటు దాటాక అయిదేళ్ళు నడవాల్సిన గోలీ, ఈ రెండూ ఎవరికీ పట్టవు. పది లక్షల కార్డున్న మనిషి, నాలుగు రూపాయల బిళ్ళ అయిపోయి ఆగిపోతే ఆ కార్డు ఏం చేసుకోను?

నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న జిల్లా అయింది. 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. మెడికల్ కాలేజీ అంటే పాథాలజీ విభాగం ఉండి తీరాలి. కాబట్టి నేను అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. గడ్డతో వచ్చిన మనిషికి సూదితో ముక్క తీయడం నారాయణపేటలోనే జరగాలి. ఈఆర్ పరీక్ష అక్కడ చేయలేకపోతే, మైనంలో పెట్టిన ఆ ముక్క హైదరాబాదుకి వెళ్ళాలి. దానికి బస్సులో సీటు అక్కర్లేదు, తోడు అక్కర్లేదు, సత్రం అక్కర్లేదు, కూలి పోదు. నూట అరవై కిలోమీటర్లు మనిషిని తిప్పేబదులు అగ్గిపెట్టెంత మైనం ముక్కని తిప్పడం ఏ రాకెట్టు సైన్సు? రిపోర్టు వచ్చాక అవసరమైనవాళ్ళే ప్రయాణం కడతారు. నెలకోసారి ఆశా కార్యకర్త చేతిలో బీపీ గోలీలతోపాటు ఈ గోలీ కూడా ఉండాలి. 2025-26 కేంద్ర బడ్జెట్లో మూడేళ్ళలో జిల్లా ఆసుపత్రులన్నిటిలో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు పెడతామన్నారు. పెట్టండి. అయితే అక్కడ కీమో సీసా వేలాడదీసే స్టాండుకన్నా ముందు ఆ మైనం ముక్క ఏర్పాటు చూడండి. లేకపోతే మా ఇంట్లో జరిగిన తప్పే మూడు వందల మంచాల మీద జరుగుతుంది.

"బీదవాళ్ళకి తక్కువ వైద్యం చాలంటావా?" అని మా బావ ఇప్పటికీ నాతో గొడవ పడతాడు. బావా, తక్కువ కాదు, సరైనది. డబ్బున్నవాడికైనా అదే గోలీ. తక్కువ వైద్యం అంటే రిపోర్టు చూడకుండా ఇచ్చేది, అది పది లక్షలదైనా సరే.

కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఇది వస్తే (రాకూడదనే కోరుకుంటా, కానీ 2022 ఒక్క ఏడాదిలోనే మన దేశంలో కొత్తగా లక్షా తొంభై రెండు వేల మందికి వచ్చిందని అంచనా) భయపడుతూనే అయినా ఈ నాలుగు అడగండి. ఒకటి, మందు మొదలుపెట్టకముందే ఈఆర్, హర్-టూ రిపోర్టు వచ్చిందా? కీమోతో గడ్డ కరిగిపోతే తర్వాత పరీక్షకి ముక్కే మిగలకపోవచ్చు. రెండు, ఆపరేషన్‌కి ముందు మందు ఎందుకు, దానివల్ల ఈ మనిషికి ఏం మారుతుంది? మూడు, కీమో, హార్మోను మందు కలిపి అంటే, ఎందుకు కలిపి, ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు కాదు? నాలుగు, చివరి గోలీ ఏ ఏడాది, ఏ నెల దాకా? అండాశయాలకి విశ్రాంతినిచ్చే ఇంజక్షన్ లాంటివి చిన్న వయసువాళ్ళకి కీమోతోపాటు ఇవ్వడానికి వేరే కారణాలుంటాయి. కాబట్టి జవాబు ఉండొచ్చు. జవాబు ఉన్న డాక్టరు ఈ ప్రశ్నలకి కోప్పడడు. కోప్పడితే అదే జవాబు.

మా అత్తకి 2023లో ఆపరేషన్ అయింది. ఎక్కడ చేయించామంటారా? తిరిగి ఆ డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాం. ఆమె ఒక్క మాట దెప్పలేదు. కాలు సంగతి చూసి మళ్ళీ అదే లెట్రోజోల్ రాసింది. అప్పటినుంచి రోజుకొకటి. కీళ్ళు పట్టేస్తున్నాయని అత్త గొణుగుతుంది. ప్రతి నెలా ఒకటో తారీఖున నేను ఫోన్ చేసి డబ్బాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టిస్తాను. మొన్న లెక్క అయ్యాక, "ఇంత సిన్న గోలీకి ఇంత పెద్ద ఇంజనీరు కావలి గాస్తుండు" అని నవ్వింది.

కాయాలి కదా మరి. కలిపి కొట్టమన్నది నేనే. ఇప్పుడు కూడా ఆమె ఎడమ కాలు కుడి కాలికన్నా కాస్త లావుగానే ఉంటుంది. చెప్పు తొడుక్కునేటప్పుడు కనిపిస్తుంది.

పెండ్లిలో కలిసిన ఆ చుట్టానికి నిన్న ఫోన్ చేశాను. మీ వదిన ఈఆర్ రిపోర్టు ఒకసారి ఫోటో తీసి పంపమన్నాను. "రిపోర్టా? గదేంది తమ్మీ?" అన్నాడు.